లేచిన గట్టు

బాబాయికి నమస్కారం.

ఫోనులో మీకు సరిగా వినపడదని ఈ ఉత్తరం రాసి బడి డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.

ముప్పై ఏళ్ల కిందట మీరు కట్టిన బడి ఈతకొలనుకు కొత్త పూత పూసే పని నేను ఒప్పుకున్నాను. నీళ్లన్నీ తోడించి, పెచ్చులూడుతున్న పాత పూత చెక్కించి, కొత్తది సగం పూశాను. మూడు రోజులుగా ఒకటే వాన. ఈ పొద్దున చూస్తే లోతు వైపు గట్టు బెత్తెడు పైకి లేచి ఉంది.

"భూమిలో ఊరిన నీరు ఖాళీ తొట్టిని పైకి తోస్తోందయ్యా," అన్నాడు పంపు నడిపే ఆయన. "ఆ నీటిని లోపలికి వదలడానికి అడుగున తీసే బిరడా ఉంటుంది. అదెక్కడుందో కట్టినాయన్ని అడగలేదా?"

అడగలేదు. ఈ ఒక్కటైనా నా పనే అనిపించుకోవాలనుకున్నాను.

మీకు రాసి జవాబు వచ్చేదాకా ఆగే ధైర్యం లేక, పూత పోతే పోయిందని కొలను నింపించేశాను. మధ్యాహ్నానికి లేవడం ఆగింది గానీ, గట్టు కిందికి దిగలేదు. గోడకు వెంట్రుకంత బీట పడింది. మళ్లీ తోడేలోగా ఆ బిరడా ఎక్కడుందో నాకు తెలియాలి.

ఇంకో మాట. పని మొదలైన రోజున హెడ్‌మాస్టరమ్మ "మీ బాబాయిగారు చూశారా?" అని అడిగితే, చూశారని చెప్పేశాను. రేపు పదింటికి ఆవిడకు నిజం చెప్పబోతున్నాను. తిడితే తిట్టారు, ఆ సమయానికి మీరు నా పక్కన ఉండండి బాబాయ్.

మీ అన్న కొడుకు