కార్డు పెడితే టింగుమనాలి

చిరంజీవి అమ్మడికి బాబాయి దీవెనలు.

నువ్వు పంపిన పాత ల్యాప్‌టాప్ క్షేమంగా చేరింది. నేను కొట్లో ఉంటే మీ పిన్నే సంతకం చేసి, పార్శిల్ విప్పి, తుడిచి పెట్టింది. ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నానని ఏమీ అనుకోకు. ఫోన్లో నువ్వు పది మాటలు చెబితే నాకు నాలుగే వినపడతాయి. ఆ నాలుగూ పనికొచ్చేవి కావు.

సంగతేమిటంటే, మీ పిన్ని రిటైర్మెంట్ సభకి ఫోటోగ్రాఫర్ ఎందుకు, నేనే తీస్తానని టీచర్లందరి ముందూ గొప్పలు పోయాను. నువ్విచ్చిన కెమెరాతో నూట పన్నెండు ఫోటోలు తీశాను. ఆవిడ వెనకాల బడి గోడకి ఒక పాత గడియారం, నాలుగూ పది దగ్గర ఆగిపోయి ఉంది. నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసినవాణ్ణి కదా, దానివైపు మనసు పోకుండా నిగ్రహించుకుని మరీ తీశాను. వచ్చే నెల రెండో ఆదివారం ఆ టీచర్లంతా మనింటికి భోజనానికొస్తున్నారు, ఫోటోలు చూడ్డానికే. కెమెరా వెనక తెర నువ్విచ్చినప్పటి నుంచీ నల్లగానే ఉంది కాబట్టి నేనింకా ఒక్కటీ చూడలేదు. మీ పిన్ని కెమెరాలోంచి కార్డు తీసి నా చేతికిచ్చింది. ల్యాప్‌టాప్ పక్కనున్న సందులో పెట్టాను. ఉలుకూ పలుకూ లేదు.

ముప్పై మూడేళ్లు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి ఆఖరి రోజు ఫోటోలవి. ఇంకెవరూ తీయలేదు, నేనే తీయనివ్వలేదు. నా పరువు నీ చేతుల్లో ఉంది.

ఇట్లు,
గడియారాల బాబాయి

తా.క. మీ పిన్ని "పోనిద్దురూ" అంటోంది. ఆవిడ అరిస్తే నాకు భయం లేదు. పోనిద్దురూ అంటేనే భయం.

*

బాబాయికి నమస్కారాలు.

ఆఫీసులో రోజూ యాభై మందికి "ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి" అని చెప్పే ఉద్యోగం నాది. నీకూ అదే చెబుతున్నాను. ముందు అది చెయ్యి.

తర్వాత, కార్డుకి ఒక మూల కోసినట్టు ఉంటుంది. ఆ వైపు ముందు లోపలికి వెళ్లాలి. పూర్తిగా వెళ్లాక ల్యాప్‌టాప్ టింగుమనాలి. నీకు వినపడకపోతే పిన్నిని వినమను. అప్పటికీ రాకపోతే సందులో దుమ్ముందేమో, పొడి బ్రష్‌తో మెల్లగా దులుపు. పొడి బ్రష్ అన్నాను బాబాయ్, మరిచిపోకు.

ప్రేమతో,
అమ్మడు

తా.క. ఆ కార్డు రీడర్ నేనెప్పుడూ వాడలేదు. అంటే కొత్తదాని కిందే లెక్క.

*

చిరంజీవి అమ్మడికి,

నాలుగుసార్లు ఆపాను, నాలుగుసార్లు ఆన్ చేశాను. మూల కోసినవైపే పెట్టాను. మీ పిన్ని ల్యాప్‌టాప్‌కి చెవి ఆనించి విని, "టింగూ లేదు, టాంగూ లేదు" అని తేల్చేసింది.

పొడి బ్రష్‌తో దులిపాను. లోపల స్ప్రింగు కాస్త బిగుసుకున్నట్టనిపించి ఒక్క చుక్క గడియారం నూనె వేశాను. నూనె వద్దని నువ్వెక్కడా రాయలేదు, ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాకే వేశాను. ఇప్పుడు కార్డు ఎంత నున్నగా వెళుతోందో అంత నున్నగా తిరిగొచ్చేస్తోంది. నిన్నయితే ఎగిరొచ్చి మీ పిన్ని టీ కప్పులో పడింది.

ఇట్లు,
బాబాయి

తా.క. టీలో పడినా కార్డు చెక్కు చెదరలేదు. మంచి కంపెనీది కొన్నావు.

*

బాబాయ్!

నూనా? ల్యాప్‌టాప్‌లో నూనా? ఈ ముక్క చదివి నేను ఆఫీసులో కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పక్క సీటమ్మాయి ఇంటి నుంచి ఏమైనా చెడు కబురా అని అడిగింది.

సరే, అయిందేదో అయింది. నేను వేరే కాగితం మీద బొమ్మ గీసి పంపుతున్నాను. దాని ప్రకారం నొక్కుకుంటూ పోతే లోపలున్న పరికరాల జాబితా వస్తుంది. అందులో కార్డు రీడర్ పేరుందా, పక్కన ఏమైనా పసుపుపచ్చ గుర్తుందా చూడు. లేకపోతే కెమెరాతో ఇచ్చిన వైరు ఉండాలి, దాంతో కెమెరానే నేరుగా తగిలిద్దాం. స్క్రూలు మాత్రం విప్పొద్దు. నీ కాళ్లు పట్టుకుంటాను.

అమ్మడు

తా.క. ముందు స్క్రూడ్రైవర్ పిన్ని చేతికిచ్చి, తర్వాత ఈ ఉత్తరం చదువు.

*

చిరంజీవి అమ్మడికి,

నీ ఉత్తరం అందేసరికే స్క్రూలు విప్పేసి ఉన్నాను. అడుగున పదకొండున్నాయి. లోపల చూశాను, రీడర్‌కి ఏ జబ్బూ లేదు. మళ్లీ బిగించి నీ జాబితా తెరిచాను. రీడర్ పేరుంది, పసుపుపచ్చ గుర్తు లేదు, "బాగానే పనిచేస్తోంది" అని కూడా రాసుంది. పనిచేస్తున్నానని చెబుతూ పనిచేయకపోవడం మనుషులకే చేతనవుననుకున్నాను ఇన్నాళ్లూ.

వైరు మీ పిన్నికి దొరకలేదట. సర్వీసులో ఒక్క చాక్‌పీసు పోగొట్టుకోని మనిషికి మూరెడు వైరు దొరకలేదు! "ఆ మెషీన్ అవతల పారేయండి, ఫోటోలు లేకపోతే అన్నం అరగదా?" అని నన్నే కసిరింది.

ఇంకా పది రోజులే ఉంది. నిజం చెప్పనా అమ్మడూ, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. తప్పు నాదని మాత్రం ఆవిడ ఒక్క మాటా అనలేదు. అదే నన్ను తినేస్తోంది.

బాబాయి

తా.క. పదకొండు స్క్రూల్లో పదే తిరిగి వెళ్లాయి. అది లేకుండానే ల్యాప్‌టాప్ నడుస్తోంది కాబట్టి కంపెనీవాళ్లే ఒకటి ఎక్కువ పెట్టారని నిర్ణయించి అగ్గిపెట్టెలో వేశాను.

*

బాబాయికి,

రీడర్ బాగుంటే ఇక అనుమానం కార్డు మీదే. ఈపాటికే అడగాల్సింది, నాకు బుద్ధి లేదు. కార్డు వెనక్కి తిప్పు. బంగారు రంగు గీతలు ఎన్ని ఉన్నాయి? ముందు వైపు ఏం రాసుంది? వెంటనే రాయి.

అమ్మడు

*

చిరంజీవి అమ్మడికి,

కంటికి భూతద్దం పెట్టుకుని చూశాను. బంగారం లేదు, గీత లేదు, అక్షరం లేదు. ఇటూ అటూ నల్లగా, నున్నగా ఒకేలా ఉంది. కార్డు నువ్వే కెమెరాలో వేసిచ్చావు కదా, నేను దాని మొహం ముందెప్పుడూ చూసినవాణ్ణి కాను. ఏ గీతా లేకపోతే మంచి కార్డనుకున్నాను.

బాబాయి

తా.క. గీతలు నా నూనెకి గానీ చెరిగిపోయాయా? ఉన్నదున్నట్టు చెప్పు, తట్టుకుంటాను.

*

బాబాయ్,

అది కార్డే కాదు! సందులో దుమ్ము పడకుండా కంపెనీవాళ్లు పెట్టే ఉత్త ప్లాస్టిక్ ముక్క. నేను ల్యాప్‌టాప్ కొన్నప్పటి నుంచీ అక్కడే ఉండుంటుంది. ఇన్ని రోజులూ మనిద్దరం ప్లాస్టిక్ ముక్కకి వైద్యం చేశాం. అసలు కార్డు ఇంట్లోనే ఉంది. వెతుకు.

అమ్మడు

తా.క. కెమెరాలోంచి కార్డు తీసిచ్చింది పిన్ని అని రాశావు కదూ? పార్శిల్ విప్పింది కూడా పిన్నేనా?

*

బంగారుతల్లికి పిన్ని దీవెనలు.

నీ ఆఖరి ఉత్తరం నా చేతిలో పడింది. ఆయనకివ్వలేదు. నువ్వు కనిపెట్టేశావని తెలిసి భయపడ్డాను, గర్వపడ్డాను కూడా.

కార్డు నా దగ్గరే ఉంది. ఆయనకి తెలియకుండా నాలుగు ఫోటోలు అచ్చు వేయించి ఆశ్చర్యపరుద్దామని, నీ పార్శిల్ రాకముందే స్టూడియోకి తీసుకెళ్లాను. అక్కడ తెర మీద చూశాను. నూట పన్నెండింటిలో నూట పదకొండు గోడ గడియారానివి! ముళ్లు, అంకెలు, కీ ఇచ్చే రంధ్రం, అన్నీ దగ్గర్నుంచి. స్టూడియో అతను "గడియారం అమ్ముతున్నారామ్మా?" అని అడిగాడు. మిగిలిన ఒక్కదాంట్లో నేనున్నాను, అదీ దానికి అడ్డొచ్చాను కాబట్టి.

ముందు కోపమొచ్చింది. బస్సులో నవ్వొచ్చింది. ఇంటికొచ్చేసరికి ఆయన "నా చేత్తో తీసినవి, చూడు ఎలా వస్తాయో" అంటున్నారు. ముప్పై మూడేళ్లలో ఏ పిల్లాడి తప్పునీ క్లాసు ముందు చదవలేదు నేను. ఆయన తప్పు అంతమంది ముందు తెర మీద వేస్తానా? మర్నాడు నీ ల్యాప్‌టాప్ వచ్చింది, సందులో ఆ ముక్క కనపడింది. అదే ఆయన చేతిలో పెట్టాను. వైరు బియ్యం డబ్బాలో ఉంది.

నిన్నటితో భోజనాలయ్యాయి. ల్యాప్‌టాప్ చెడిపోయిందని నేనే అందరికీ చెప్పాను. అందరూ నిన్ను తిట్టారు, కాస్త ఓర్చుకో. కొత్త హెడ్‌మాస్టర్ మాత్రం ఒక మాట చెప్పాడు. ఆరేళ్లుగా ఆగిపోయిన ఆ గడియారం నడుస్తోందట. సభ మర్నాడు పొద్దున్నే ఎవరో ముసలాయన పనిముట్ల పెట్టెతో వచ్చి, బాగుచేసి, కాపలావాడికి పేరైనా చెప్పకుండా వెళ్లిపోయాడట. మీ బాబాయి తల ఎత్తకుండా పళ్లెంలోకే చూస్తూ తిన్నారు. నేనూ ఏమీ ఎరగనట్టు ఇంకొంచెం అన్నం వడ్డించాను.

గీతల్లేని కార్డులు కూడా ఉంటాయని, రీడరే చెడిపోయిందని ఆయనకి ఒక ఉత్తరం రాసిపెట్టు తల్లీ. అబద్ధం పాపం నాది.

ఇట్లు,
నీ లెక్కల పిన్ని

తా.క. ఆ ఒక్క ఫోటో అచ్చు వేయించి నా పుస్తకంలో దాచుకున్నాను. అందులో నా వెనక గడియారం ఇంకా నాలుగూ పదే. మా బడి వదిలేది నాలుగున్నరకి. ఆ లెక్కన నా రిటైర్మెంట్‌కి ఇంకా ఇరవై నిమిషాలుంది.