పద్మకి వచ్చిన జ్వరం

6 అక్టోబరు 2009, మంగళవారం
చెల్లి ఫోను, మండపేట నుంచి. జలుబు, ఒళ్ళు నొప్పులు. ఎనిమిదో నెల. డాక్టరుకి చూపించుకోమంటే నవ్వుతుంది. "జలుబేగా అక్కా. నీ కాలేజీ మైక్రోస్కోపులో పెట్టి చూడకు నన్ను."

9, శుక్రవారం
మరిది శ్రీను కొట్టు మూసేసి, కారులో రాజమండ్రి తీసుకొచ్చాడు. మాట మాటకీ ఆయాసం. గొంతులోంచి నమూనా తీసి హైదరాబాదు పంపారు. వెంటనే కాకినాడ వెళ్ళమన్నారు.

10
స్వైన్ ఫ్లూ వార్డు. మాస్కుల్లో ఎవరు డాక్టరో ఎవరు నర్సో తెలియదు. గాజు అవతల పద్మ. చెయ్యి ఊపింది.

12
ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. పద్మకి స్పృహ లేదు. పాపను చూడలేదు.

14
వెళ్ళిపోయింది.

17, శనివారం
దీపావళి. వీధంతా టపాసులు. అమ్మ తలుపులు వేసుకుని పడుకుంది.

20
రిపోర్టు వచ్చింది. పాజిటివ్. ఇంకేమీ లేదు.
"వదినగారూ, మీరు చెప్పేది ఇదే కదండీ పిల్లలకి," శ్రీను అడిగాడు. "అందరికీ వచ్చి తగ్గిపోయింది. పద్మకే ఎందుకిలా? వైరస్ మారిపోయిందా?"
మారి ఉండొచ్చు. జన్యువులో ఒక్క అక్షరం తేడా వస్తే కొన్ని వైరస్‌లు ఊపిరితిత్తుల లోతుకి దిగి అతుక్కోగలవని చదివాను. మారకపోయినా, నిండు గర్భిణిని మామూలు వైరసే పడగొట్టగలదు. ఈ పరీక్ష వైరస్ ఉందో లేదో చెబుతుంది, అంతే. ఆ అక్షరాన్ని ఎవరూ చదవలేదు. ఇక చదవరు.
తెలియదు శ్రీనూ అన్నాను. తల ఊపి, లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

9 నవంబరు, సోమవారం
మళ్ళీ కాలేజీ. సిలబస్‌లో తర్వాతి పాఠం... ఇన్‌ఫ్లుయెంజా, అదే ఫ్లూ వైరస్. వేరేవాళ్ళకి ఇస్తానన్నారు ప్రిన్సిపాల్‌గారు. వద్దన్నాను.
బోర్డు మీద బొమ్మ వేశాను. కణంలో దూరడం, వేల నకళ్ళు తీసుకోవడం. నకలు తీసేటప్పుడు పడ్డ తప్పుల్ని ఇది దిద్దుకోదు అని చెప్పాను.
"తప్పులు చేస్తే దానికే నష్టం కదండీ మేడం?" మొదటి బెంచీ అమ్మాయి.
— చాలాసార్లు అంతే. ఆ నకలు ఇక పెరగదు. అక్కడితో ఆగిపోతుంది. ఎప్పుడో ఒక తప్పు మాత్రం దానికి కలిసొస్తుంది. కొత్త ఒంట్లో ఇంకా జోరుగా...
ఇంకా జోరుగా, అని రెండోసారి కూడా అన్నాను. పిల్లలు తలలు వంచుకున్నారు.

15
ఆసుపత్రి నుంచి పాప మా ఇంటికొచ్చింది. పిడికెడంత. గడ్డం మాత్రం పద్మదే.
శ్రీను ఎత్తుకోలేదు. ఉయ్యాల దగ్గర నిలబడి, "కొంచెం పెద్దయ్యాక తీసుకెళ్తానండి" అన్నాడు. వెంటనే, "తీసుకెళ్ళగలనా?" అన్నాడు. ఎవరిని అడిగాడో.

22, ఆదివారం
అమ్మ కాళ్ళు చాపుకుని పాపకి నీళ్ళు పోస్తోంది. చెంబు నేను అందిస్తున్నాను. ఉన్నట్టుండి—
"ఆ పురుక్కి కళ్ళుంటాయా?"
ఉండవమ్మా.
"కడుపుతో ఉందని తెలియదా దానికి?"
దానికేమీ తెలియదమ్మా. పెరగడం ఒక్కటే.
"మరి ఇంతమందిలో నా పిల్లెలా దొరికిందే? చదువుకున్నావుగా, చెప్పు."
పాప ఏడుపు అందుకుంది. చెవుల్లో నీళ్ళు పోకుండా తల ఎత్తి పట్టుకున్నాను. అమ్మ ఇంకా నా మొహమే చూస్తోంది.