నాన్న పిస్టల్

ఆదివారం, రాత్రి

నాన్న నిద్రపోయాడు. నాకే నిద్ర పట్టడం లేదు.

ప్రతి ఆదివారంలాగే ఈ మధ్యాహ్నం కూడా బీరువాలోంచి పిస్టల్ తీసి తుడవడానికి కూర్చున్నాడు. మిలిటరీలో పనిచేసి రిటైరై యలహంకలో స్థిరపడి ఇన్నేళ్లయినా ఆ అలవాటు పోలేదు. గొట్టాన్ని ఇసుక బకెట్ వైపు తిప్పి, వేలు ట్రిగ్గర్‌కు తగలకుండా, తూటాలు పెట్టే మ్యాగజైన్ తీశాడు. వెంటనే గుడ్డ అందుకున్నాడు.

"స్లైడ్ లాగి చూడలేదు నాన్నా," అన్నాను. పిస్టల్ పైనుండే స్లైడ్ వెనక్కి లాగి లోపల తూటా మిగల్లేదని చూసుకునే ఆ పద్ధతి నాకు నేర్పింది ఆయనే.

"ఖాళీగానే ఉండాదిలేమ్మా."

"ఒక్కసారి చూడు."

విసుక్కుంటూ లాగాడు. లోపలి నుంచి ఒక తూటా ఎగిరి చాప మీద పడింది. మా ఇంట్లో తూటాలు ఎప్పుడూ వేరే పెట్టెలో, వేరే తాళం కింద ఉంటాయి.

"ఎవురు పెట్టినారమ్మా దీన్ని?"

ఇంట్లో ఉండేది మేమిద్దరమే. తానే పెట్టి మరిచిపోయానని ఆయనకే అర్థమైంది. మళ్లీ స్లైడ్ లాగి, లోపల వేలు పెట్టి చూసుకుని, పిస్టల్‌నూ తూటాలనూ వేర్వేరుగా పెట్టి తాళాలు వేశాడు. తాళంచెవులు రెండూ నా చేతికిచ్చాడు.

"నేనడిగినా ఇయ్యొద్దు."

రేపు పిస్టల్‌ను పోలీస్ స్టేషన్‌లో అప్పగించి వద్దామంటే తలూపాడు.

భోజనాలయ్యాక బీరువా ముందు నిలబడి, "తాళంచెవి యాడ పెట్టినావు?" అన్నాడు. ఇవ్వనన్నాను. మధ్యాహ్నం జరిగింది చెప్పాను. నమ్మలేదు.

"నా ఇంట్లో నేనే దొంగనా?" అని వెళ్లి పడుకున్నాడు.

రేపు ఆయనను స్టేషన్‌కు ఏమని చెప్పి తీసుకెళ్లాలో...