గురువారం పెద్దాయన అభిప్రాయం

నంద్యాల,
22 జులై 2024

నిజాముద్దీన్ అన్నకు,

విష్ణువర్ధన్ నమస్కారాలు. నేను మీకు గుర్తుండే ఉంటాను. పోయిన ఏడాది కాలేజీ వార్షికోత్సవానికి మీ మైక్ సెట్టు అద్దెకు తీసుకుని, మీ పెద్ద స్పీకరు మీదికెక్కి డ్రమ్ము కొట్టినవాణ్ణి. ఆ రోజు మీరన్న మాటలు మాలో ఎవరమూ మర్చిపోలేదు.

మా ‘తుమ్మజిగురు’ బ్యాండు కొత్త ఆల్బం పూర్తి చేసింది. పేరు ‘ఎనిమిది ఉక్కపోతలు’. పాడేది నిత్య, గిటారు మనోజ్, డ్రమ్ములు నేను. సినిమా పాటలు కావు, భజనలు కావు, పెళ్ళి పాటలు అసలే కావు. మేమే రాసుకుని మేమే వాయించుకున్న రాక్ సంగీతం. మొదటి ఆల్బం నెట్‌లో పెడితే రెండువందల మంది ఎర్ర గుండెలు పెట్టారు. వాళ్ళలో నూట తొంభై మంది పాట మొదలు కాకముందే పెట్టారని మనోజ్ తేల్చాడు. అందుకే ఈసారి మేమెవరో తెలియనివాళ్ళకు వినిపించి, వాళ్ళన్న మాట కాగితం మీద రాయించుకోవాలనుకున్నాం. ఫోనులో అయితే అవతలివాళ్ళు నోరు తెరవగానే నేను అడ్డుపడి సమర్థించుకుంటానని నిత్య అంటోంది.

మీ షాపు నాలుగు రోడ్ల కూడలిలో ఉంది. పెన్‌డ్రైవ్ పంపుతున్నాను. రోజుకొకసారి పెట్టి, విన్నవాళ్ళు ఏమంటే అది ఉన్నదున్నట్టు రాయండి. జనానికి పట్టకపోతే బ్యాండు మూసేసి ఎవరి దారి వాళ్ళు చూసుకోవాలని ముగ్గురం మాట అనుకున్నాం. కాబట్టి మీరు రాసేది మాకు చాలా ముఖ్యం. విమర్శను స్వాగతిస్తాం.

ఇట్లు,
విష్ణువర్ధన్

తా.క.: చివరి వాక్యం నిత్య పక్కన నిలబడి రాయించింది.


ఆళ్లగడ్డ,
2 ఆగస్టు 2024

విష్ణువర్ధన్ బాబుకు నిజాముద్దీన్ సలాం చెప్పి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. స్పీకరు కూడా క్షేమమే, నువ్వు దిగినప్పటి నుంచి కొంచెం ఎడమకు ఒరిగి ఉంటుంది, అంతే.

వారం రోజులుగా మీ ఆల్బం పెడుతున్నాను. మొదటి రోజు మొదటి పాట రాగానే ఇద్దరు పరుగెత్తుకొచ్చి మిషను కాలిపోతోందని చెప్పారు. రెండో రోజుకు అలవాటు పడ్డారు. పక్కన టీ కొట్టు అరుణకుమారికి రెండో పాట బాగా నచ్చింది. అది వచ్చినప్పుడు ఊరికే పేపరు చదువుతూ కూర్చున్నవాళ్ళంతా లేచి పోతున్నారట, ఆ పాటను ఇంకొంచెం పొడుగు చేయగలరా అని అడగమంది. నర్సింగు చదివే బ్లెస్సీ అనే అమ్మాయి మూడో పాట విని, తన హాస్టలు జీవితం ఎవరో దొంగచాటుగా చూసి రాసినట్టుందని, రోజూ వచ్చి ఆ ఒక్క పాట విని పోతోంది. చెప్పుల షాపు బాబ్జాన్‌కు ఒక్క మాటా అర్థం కాలేదు, అయినా ఎందుకో వాళ్ళ అమ్మ గుర్తొచ్చిందన్నాడు. శిల్పాలు చెక్కే నారాయణ ఐదో పాటకు సరిగ్గా ఉలి వేసుకుంటూ పోయాడు. మధ్యలో మీరు దెబ్బ మార్చారు. సింహానికి ఒక చెవి ఊడింది. తాళం మార్చేముందు ఒక మాట చెప్పాలని అతని అభిప్రాయం.

నిన్న గురువారం ఒక పెద్దాయన భజన మండలి ఆంప్లిఫయరు బాగు చేయించుకుందామని వచ్చాడు. ఎనిమిది పాటలూ గొడుగు మీద గడ్డం ఆనించి విన్నాడు. పేరు చెప్పలేదు. ఆయన మాట మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

“ఆ డ్రమ్ము కొట్టే పిల్లోడు యాడికి పోతాండాడప్పా అంత బేగా? వానికేమన్నా బస్సు తప్పిపోతాందా?”

ఉంటాను,
నిజాముద్దీన్

తా.క.: ఆయన ఆరో పాట మళ్ళీ పెట్టమన్నాడు. పెట్టాను. విని, గొడుగు చంకలో పెట్టుకుని పోయాడు.


నంద్యాల,
5 ఆగస్టు 2024

నిజాముద్దీన్ అన్నకు నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. అరుణకుమారి గారికి, బ్లెస్సీకి, బాబ్జాన్ గారికి, నారాయణ గారికి ధన్యవాదాలు.

ఇక ఆ గురువారం పెద్దాయన సంగతి. ఆయనకు రాక్ సంగీతమంటే ఏమిటో తెలుసా? దెబ్బను అర క్షణం ముందుకు నెట్టి కొట్టడం తొందర కాదు, దాన్ని శైలి అంటారు. దానికోసం నేను మూడు నెలలు సాధన చేశాను. కింద ఇంటివాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. అంత కష్టపడి సాధించుకున్నదాన్ని బస్సుతో పోలుస్తాడా? ఆయన ఎక్కడ వాయించాడో, ఎన్ని కచేరీలు చేశాడో కనుక్కోండి. బహుశా గుళ్ళో గంట కొట్టి ఉంటాడు, అది కూడా వేళ తప్పి. ఆయన చెవుల్లో వెంట్రుకలు గుబురుగా మొలిచి ఉంటాయి. ముందు అవి తీయించుకుని, తర్వాత వినమనండి. కొంతమంది పెద్దవాళ్ళకు వయసు పెరిగేకొద్దీ అభిప్రాయాలే పెరుగుతాయి, వినికిడి తగ్గిపోతుంది.

ఇలాంటివాళ్ళను నేను అసలు పట్టించుకోను. ఇంకో రెండు పేజీలు రాసేవాణ్ణి, నిత్య కాగితాలు దాచేసింది.

ఇట్లు,
విష్ణువర్ధన్

తా.క. (వెనక చూడండి): ఈ ఉత్తరం మీకు మాత్రమే. దయచేసి ఎవరికీ చదివి వినిపించవద్దు.


ఆళ్లగడ్డ,
9 ఆగస్టు 2024

విష్ణువర్ధన్ బాబుకు నిజాముద్దీన్ సలాం.

కాగితం వెనక తాజాకలం ఉన్న సంగతి మైకు కట్టేశాక చూసుకున్నాను. అప్పటికి అందరూ వినేశారు.

నా తప్పేమీ లేదు. నిన్న గురువారం పెద్దాయన మళ్ళీ వచ్చి, ఆ పిల్లోడు ఏమన్నా రాసినాడా అని అడిగాడు. నాకు చదవడానికి కళ్ళజోడు, అలవాటుకు మైకు రెండూ కావాలి. చెవుల్లో వెంట్రుకల దగ్గరికి వచ్చేసరికి టీ కొట్టు దగ్గర నలభై మంది చేరారు. ఆయన మాత్రం నవ్వలేదు, కోపగించలేదు. ఎన్ని పేజీలు రాసినాడని అడిగి, కాగితాలు చేతిలోకి తీసుకుని తిరగేసి చూశాడు. తర్వాత నింపాదిగా జవాబు చెప్పాడు. నువ్వు ఉన్నదున్నట్టు రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను, నన్ను ఏమీ అనుకోవద్దు.

“తప్పు పిల్లోనిది గాదప్పా. వాళ్ళ నాయనది. కూచోబెట్టి తాళమంటే ఏందో చెప్పింటే ఈ గతి పట్టేదే కాదు. వానికే తెలిసుండదు, ఇంగ కొడుక్కేం చెప్తాడు?”

ఇప్పుడు ఇక్కడ జనం రెండుగా చీలిపోయారు. బ్లెస్సీ, ఆటోవాళ్ళు డ్రమ్ము పార్టీ. నారాయణ, అతని దగ్గర పనిచేసే శిల్పులంతా పెద్దాయన పార్టీ. నేను మైకువాణ్ణి కాబట్టి ఎప్పటిలాగే ఇద్దరి వైపూ. వచ్చే గురువారానికి నువ్వు గట్టిగా ఏమన్నా రాయకపోతే అరుణకుమారి బాధపడుతుంది. రెండు డబ్బాల పాలు అదనంగా చెప్పింది.

ఉంటాను,
నిజాముద్దీన్

తా.క.: ఆళ్లగడ్డలో రెండు పార్టీలు అనేసరికి ఒక కానిస్టేబులు వచ్చాడు. గొడవ దేనికని అడిగితే తాళం గురించి అని చెప్పాను. ఏ ఇంటి తాళం పగిలిందని అడిగి రాసుకున్నాడు.


నంద్యాల,
12 ఆగస్టు 2024

నిజాముద్దీన్ అన్నకు,

ఈ ఉత్తరం దాచాల్సిన పని లేదు. ఆ పెద్దాయన వచ్చాక, అందరూ ఉండగా, రెండు స్పీకర్లూ పెట్టి చదవండి.

అయ్యా, నన్ను అన్నారు, పడ్డాను. మా నాయనను అనడానికి మీరెవరు? ఆయన అహోబిలంలో పాశురాలు చదివే గోష్ఠిలో ముందు వరసలో నిలబడే మనిషి. నాకు ఏడేళ్ళప్పుడు ఎదురుగా కూర్చోబెట్టుకుని తొడ మీద తాళం వేయడం నేర్పాడు. నేను డ్రమ్ములు యూట్యూబ్ చూసి నేర్చుకున్నానని అందరికీ చెప్పుకుంటాను. అది అబద్ధం. చేతికి కర్రలు తర్వాత వచ్చాయి, తాళం ఆయన దగ్గరే వచ్చింది.

మా ఇద్దరికీ రెండేళ్ళుగా మాటల్లేవు. డ్రమ్ములు ఇంటికి తెచ్చిన రోజు, “ఈ ఇంట్లో నేనన్నా ఉండాల, అదన్నా ఉండాల” అన్నాడు. ఆయన ఉండడానికి వీలుగా నేను డ్రమ్ములు తీసుకుని నంద్యాలకు వచ్చేశాను. ఇప్పుడు అమ్మ ఫోను చేస్తే పక్కనుంచి ఆయన దగ్గు వినిపిస్తుంది. ఆయనకు వినపడేటట్టు నేనూ దగ్గుతాను. అంతవరకే. ఆయన మొండివాడు. కోపం వస్తే పెరుగన్నం కూడా కోపంగా కలుపుతాడు. కాని ఆయన తాళం తప్పగా నేను ఒక్కనాడూ వినలేదు. మీరు మళ్ళీ పెట్టించుకున్న ఆరో పాట ‘మెట్లు’ ఉంది చూడండి, అది ఆయన నడకే. ఎగువ అహోబిలం మెట్లు ఎక్కుతుంటే ముందు నడిచే ఆయన అడుగుల చప్పుడు తలుచుకుని కొట్టాను. ఆ సంగతి ఆయనకు తెలియదు. చెప్పే ధైర్యం నాకు లేదు.

అందువల్ల మా నాయనను వదిలిపెట్టండి. నన్ను ఎంతైనా తిట్టుకోండి.

ఇట్లు,
విష్ణువర్ధన్

తా.క.: నిత్య ఇది చదివి, బ్యాండు మూసేద్దామనుకున్న మాట కొన్నాళ్ళు పక్కన పెడదామంది. ఎందుకో చెప్పలేదు. కళ్ళలో ఏదో పడిందట.


ఆళ్లగడ్డ,
16 ఆగస్టు 2024

విష్ణువర్ధన్ బాబుకు నిజాముద్దీన్ సలాం.

నిన్న జెండా పండగ. పొద్దున బడి దగ్గర మైకు పని ముగించుకుని వచ్చేసరికి షాపు ముందు నిలబడడానికి చోటు లేదు. నువ్వు చెప్పినట్టే రెండు స్పీకర్లు పెట్టి చదివాను. మధ్యలో రెండుసార్లు ఆగి కళ్ళజోడు సర్దుకున్నాను, జనం వైరు లూజైందనుకున్నారు.

అందరూ పెద్దాయన వైపు చూశారు. ఈసారి ఏం జవాబు చెబుతాడోనని అరుణకుమారి గరిట పట్టుకుని బయటికే వచ్చేసింది. ఆయన కండువాతో ముఖం తుడుచుకుని, “ఎండ జాస్తయింది” అన్నాడు. నిన్నంతా ఇక్కడ మబ్బు పట్టి ఉంది, బాబూ. తర్వాత ఆ ఉత్తరం ఇవ్వమని అడిగి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. మీ అడ్రసు రాయించుకుని బస్టాండు వైపు వెళ్ళిపోయాడు. రెండు పార్టీలకూ పెద్ద నిరాశ.

ఆయన మనిషి ఏమిటో నాకు అంతుపట్టడం లేదు. ఆయన ఆంప్లిఫయరు నేను మొదటివారమే బాగు చేశాను. “ఇంకా గుర్రుమంటాందప్పా, ఈడనే పెట్టుకో” అని ప్రతి గురువారం ఇక్కడే వదిలిపెట్టి పోతున్నాడు. అది చిన్నమెత్తు శబ్దం కూడా చేయడం లేదు.

జనానికి మీ ఆల్బం పట్టిందా లేదా అని అడిగావు. నాకు ఇంతే తెలుసు. మొన్న పని ఒత్తిడిలో పెన్‌డ్రైవ్ పెట్టడం మర్చిపోతే, నలుగురు వచ్చి కరెంటు పోయిందా అని అడిగారు.

ఉంటాను,
నిజాముద్దీన్

తా.క.: ఒంటి చెవి సింహం అమ్ముడుపోయింది. కొన్నాయన అదే శాస్త్రమని అనుకున్నాడట. ఇప్పుడు ఆయన తమ్ముడికి కూడా అలాంటిదే కావాలట. మళ్ళీ ఐదో పాట పెట్టమని నారాయణ అడుగుతున్నాడు.


అహోబిలం,
17 ఆగస్టు 2024

చిరంజీవి విష్ణువర్ధన్‌ను నాయన ఆశీర్వదించి రాయునది.

ఉభయకుశలోపరి. నీ ‘ఎనిమిది ఉక్కపోతలు’ నేను మూడు గురువారాలు విన్నాను. ఆంప్లిఫయరు ఇవ్వడానికి పోయిన మొదటి రోజు, డ్రమ్ము చప్పుడు బస్టాండు దాకా వినపడింది. మూడో దెబ్బ దగ్గర ఆగలేక ముందుకు దూకే అలవాటు నీకు ఏడేళ్ళప్పటిది. షాపు చేరకముందే నువ్వని తెలిసిపోయింది. తొందర అని అన్న మాట మాత్రం నిజం. దానికి శైలి అని పేరు పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు.

ఆ తర్వాత అన్నవి వేరు సంగతి. నీ జవాబు మైకులో విన్నాను. మెచ్చుకున్న నలుగురికీ కలిపి ఒక్క ముక్క ధన్యవాదాలు చెప్పావు. తిట్టిన నాకు రెండు పేజీలు రాశావు. రెండేళ్ళుగా నీ చేతిరాత చూడలేదు. తిడితే రాస్తావని అర్థమైంది. ఇంకా ఎక్కువ రావాలంటే ఎవరిని తిట్టాలా అని ఆలోచించి, నన్నే తిట్టుకున్నాను.

చెవుల వెంట్రుకల విషయం మీ అమ్మ అద్దం పెట్టి చూపించింది. నువ్వన్నది వాస్తవమే. గంట గురించి అన్నది వాస్తవం కాదు.

ఆ రోజు ఇంట్లో నేనో అదో ఉండాలని అన్నాను. అదంటే డ్రమ్ములు, నువ్వు కాదు. నువ్వు రెండూ ఒకటే అనుకుని పోయావు. నాకు ఆపడం చేతకాలేదు. నా తప్పు.

వచ్చే ఆదివారం మొదటి బస్సుకు నంద్యాల వస్తున్నాను. మీ ముగ్గురూ ఉండండి. ఏడో పాట ముగించాల్సిన చోట ముగించలేదు, ఎక్కడ ఆపాలో కూర్చుని చెబుతాను. విన్నాక మీకు తోచినట్టు చేసుకోండి.

ఆశీస్సులతో,
నీ నాయన
పార్థసారథి

తా.క.: మీ అమ్మ కూడా నాతో వస్తోంది. నెట్‌లో ఉన్న మీ మొదటి ఆల్బంలో పాడే పిల్ల గొంతు విని, ఆ బిడ్డకు వేళకు అన్నం పెట్టేవాళ్ళు లేరని తేల్చింది. పెద్ద డబ్బా నిండా పులిహోర చేస్తోంది. నా అభిప్రాయాన్ని మీరు కాదనొచ్చు. ఆమె అభిప్రాయాన్ని కాదనవద్దు, మొత్తం తినేయండి.