తస్నీమ్ పుస్తకానికి ముందుమాట

ఆళ్లగడ్డ, జూన్ 9

ప్రియమైన అహల్యకు,

నా కథల పుస్తకానికి నువ్వు రాసిన ముందుమాట అందింది. డిగ్రీలో నా పక్కన కూర్చున్నదానివి, ఈ రోజు నంద్యాలలో తెలుగు లెక్చరర్‌వి. నీ మాటంటే అందరికీ గురి. "తస్నీమ్ కథల్లో లోతు కోసం వెతికే శ్రమ పాఠకుడికి ఉండదు" అన్నావు. సులువుగా అర్థమవుతాయని ఇంత అందంగా ఇంకెవరు చెప్పగలరు? అక్షరం మార్చకుండా అచ్చు వేయించాను. వచ్చే ఆదివారం లైబ్రరీలో సభ. నువ్వే వచ్చి చదవాలి.

నీ
తస్నీమ్

నంద్యాల, జూన్ 12

ప్రియమైన తస్నీమ్‌కు,

పరీక్షల డ్యూటీ పడింది, రాలేను. ముందుమాట నువ్వే చదువు. గట్టిగా, నిదానంగా చదువు. నీ నోటితో చదివితేనే దానికి అందం.

అహల్య

ఆళ్లగడ్డ, జూన్ 17

అహల్యా,

చదివాను. రెండో వాక్యానికే వెనక వరసలో ఎవరో నవ్వారు. మెచ్చుకుంటున్నారనుకుని ఇంకా గట్టిగా చదివాను. "ఈమె పాత్రలకు కన్నీళ్లు వేళ తప్పకుండా వస్తాయి" అన్నచోట సభంతా నవ్వింది. నేనూ నవ్వాను. అప్పుడు మా బడిలో పనిచేసి రిటైరైన మహానందయ్య సార్ లేచి వచ్చి నా చేతిలోంచి పుస్తకం తీసుకున్నారు.

"సాలు తస్నీమ్. ఇది పొగడ్త గాదమ్మా. ఆయమ్మ నిన్ను ఎగతాళి చేస్తాండాది."

ఇంటికొచ్చి మళ్లీ చదివాను. సార్ పొరబడ్డారని ఒక్క ముక్క రాయి.

తస్నీమ్

నంద్యాల, జూన్ 20

తస్నీమ్,

ఆయన సరిగ్గానే చదివారు.

నీ నాలుగో కథలో కూతురు మతి తప్పిన తల్లిని గదిలో పెట్టి తాళం వేసి పోతుంది. పరీక్ష రోజున మా అమ్మను నేను అలాగే వదిలి వచ్చానని, తిరిగి వెళ్లేసరికి తలుపు గీకి గీకి వేళ్లన్నీ నెత్తురు చేసుకుందని హాస్టల్లో నీకొక్కదానికే చెప్పాను. దాన్ని కథ చేసి, నాకే పంపి, ముందుమాట అడిగావు. కథ నిండా ఆ కూతురి మీద అసహ్యమే. రచయిత గొంతు గుర్తుపట్టడం క్లాసులో రోజూ నేర్పేదాన్ని, నాకు తెలియదా? నలుగురిలో నిన్ను నవ్వులపాలు చేయాలనే రాశాను.

అహల్య

ఆళ్లగడ్డ, జూన్ 24

ప్రియమైన అహల్యకు,

అసహ్యం ఉన్నమాట నిజమే. అది నా మీద.

మా అమ్మ హుస్సేన్‌బీకి చివరి ఏడాది మతి తప్పింది. రోజూ తాళం వేసి బడికి పోయేదాన్ని. "యాడికి పోతాండావే, నన్నూ తీస్కపో" అని తలుపు అవతల నుంచి అడిగేది. ఒక సాయంత్రం వచ్చి తలుపు తీస్తే గడప దగ్గరే చనిపోయి ఉంది. ఆ కథలో తిట్టిన ప్రతి తిట్టూ నన్ను నేను తిట్టుకున్నదే.

హాస్టల్లో నువ్వు చెప్పింది నాకు గుర్తే లేదు. ఇప్పుడు నీ చేత్తోనే రాసి పంపావు.

కొత్త కథ మొదలుపెట్టాను. ఈసారి కూతురు నువ్వే.

తస్నీమ్