కౌన్సెలింగుకు వెళ్లింది పిచ్చి పట్టి కాదు

తిరుపతి, మంగళవారం

నాయనకు కోమలి నమస్కారాలు. నేను బాగున్నాను. యూనివర్సిటీలో కౌన్సెలింగుకు వెళ్లానని ఫోనులో అన్నానో లేదో, అమ్మ "నా బిడ్డకి పిచ్చి పట్టిందే! ఐతవారం తాయెత్తు తీసుకోని వస్తా" అని ఏడుస్తూ పెట్టేసింది. మళ్లీ ఎత్తడం లేదు. అందుకే ఈ కార్డు.

మా గైడు నా పీహెచ్‌డీ అధ్యాయం నెలల తరబడి చదవనేలేదు. అడిగితే "సూస్తాలేమ్మా" అంటారు. విసిగిపోయి, చదువు మానేసి ఇంటికి వచ్చేద్దామనుకున్నాను. ఇలాంటి బాధలు వినడానికి క్యాంపస్‌లో జాహ్నవి మేడం ఉన్నారు. వెళ్లి గైడు పేరు చెప్పానంతే, ఆమె పెన్ను కింద పెట్టేశారు.

"నేనూ ఆయన కాడే చేసినాను పాపా! నా థీసిస్ మింద సాంబారు గిన్నె పెట్టినాడు" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆమెను నేనే ఓదార్చాల్సి వచ్చింది. తేరుకున్నాక ఉపాయం చెప్పారు. "పొద్దున్నే క్యాంటీన్లో ఉంటాడు. ఎదురుగా కూసోని నువ్వే సదివి వినిపీ. తినేది వదిలిపెట్టి యాడికీ పోడు."

అలాగే చేశాను. ఇడ్లీలు అయ్యేసరికి గైడు "బాగుండాదే! ఇన్నాళ్లూ ఎందుకు సూపించలేదు?" అన్నారు. ఇక చదువు మానను.

అమ్మను ఆపు. చింతకాయ ఊరగాయ మాత్రం పంపించు, మేడంకు కూడా. ఎర్రావు ఈనిందా? నీ మోకాలి నొప్పి తగ్గిందా? అవ్వకు దండాలు.

పోస్ట్‌మ్యాన్ గిరన్నా, నాయనకంటే ముందు నువ్వే చదువుతావని తెలుసు. కోమలికి పిచ్చి లేదని వీధిలో నువ్వే నాలుగిళ్లకు చెప్పు.