మెడ తిరగకపోతేనేం

బావా,

నా మెడలో అరిగిన డిస్క్ తీసినప్పుడు, ఎముకలు అతికించొద్దని, కృత్రిమ డిస్కే పెట్టించాలని నువ్వే పట్టుబట్టావు. "మెడ తిరగాలె. లేకుంటే చర్చిల నేను శ్రుతి తప్పితే ఎట్ల ఉరిమి చూస్తవ్?" అన్నావు.

ఇప్పుడా డిస్క్ చుట్టూ ఎముక పెరిగి మెడ బిగిసిపోయింది. "నొప్పి లేదు కద, ఫికర్ చెయ్యకమ్మా" అన్నాడు డాక్టరు.

నువ్వు పోయి ఇవాల్టికి ఏడాది. పొద్దున హన్మకొండ చర్చిలో, మగవాళ్ళ వైపు నుంచి అచ్చం నీలాగే శ్రుతి తప్పిన గొంతు లేచింది. మన చిన్నోడు! ప్లాస్టిక్ కుర్చీ కిర్రుమంటుండగా కుర్చీతో సహా అటు తిరిగాను. ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. వాడు భయపడి నోరు మూశాడు.

"ఆపకు బిడ్డా, ఇంక గట్టిగ పాడు" అన్నాను.

నీకంటే ఘోరంగా పాడాడు బావా. పాట అయిపోయేదాకా నేను కుర్చీ వెనక్కి తిప్పలేదు.